ముందు ప్యాడ్లు, ముగ్గురు సాక్షులు

జూలై 7, సోమవారం. ఉదయం 6:10

ఈ రోజు నుంచి డైరీ. కారణం: కారు బ్రేక్ ప్యాడ్లు.

ముందుగా వివరాలు. ఇరవై ఆరేళ్లుగా శ్రీకాకుళంలో విలేకరిని. ఇల్లు అరసవల్లి. కారు చిన్నది, తెల్లది. పుట్టి తొమ్మిదేళ్లు, విజయనగరం నుంచి మా చేతికొచ్చి నాలుగేళ్లు. నేను మోటార్ సైకిల్ మీద తిరుగుతాను. కారు నడిపేది మా ఆవిడ అనూరాధ. కళింగపట్నం రోడ్డులో ఒక హైస్కూల్లో లెక్కల టీచరు.

నిన్న ఆదివారం. గుడికొచ్చిన ఆటోల మధ్య నుంచి కారు బయటికి తీస్తుంటే, బ్రేకు తొక్కినప్పుడల్లా కీచుమని చప్పుడు. మిల్లు జంక్షన్‌లో మెకానిక్ సోములుకు చూపించాను. వంగి చూశాడు.

"ప్యాడ్లు అరిగిపోనాయి బాబూ. మార్సీవాల."

"ఏవి వేద్దాం?"

"ముందువే ఏసీద్దాం. రేపు బండి అట్టుకురండి."

రేపు కాదన్నాను. ఎంచుకోవడానికి సమయం కావాలి. రెండేళ్ల క్రితం ఇలాగే ఒకాయన "తిరుగులేని బ్యాటరీ" అంటే నమ్మాను. అది చిలకపాలెం దగ్గర వానలో ఆగిపోయింది. ఒక విశేషణాన్ని నమ్మినందుకు రెండు గంటలు తడిశాను.

తీర్మానం:
1. ఏడు రోజుల్లో ప్యాడ్లు నేనే ఎంచుతాను.
2. వాస్తవాలే. విశేషణాలు నిషిద్ధం. అమ్మేవాడివైనా, నావైనా.
3. ప్రతి వాస్తవానికీ ముగ్గురు సాక్షులు.

గడువు: 13, ఆదివారం సాయంత్రం.

8:15

అనూరాధ చదివింది. "సోములు ఈ రోజే వేసేస్తానన్నాడు కదండీ. దీనికి దర్యాప్తు ఏటి?"

"ఏడు రోజులివ్వు."

"ఏడంటే ఏడే. ఎనిమిదో రోజు నేనే తీసుకెళ్లి సోములు దగ్గర పెట్టేస్తాను."

ఒప్పుకున్నాను. ఆవిడ తాళాలు తీసుకుని బడికి బయల్దేరింది. వీధి మలుపులో కీచుమంది. సమయం 8:14. రాసుకున్నాను.

సాయంత్రం 7:00

ప్యాడ్లు మూడు రకాలట. సెమీ మెటాలిక్, సెరామిక్, ఆర్గానిక్. గీతల పుస్తకంలో పట్టిక గీశాను. వేడి, దుమ్ము, చప్పుడు, మన్నిక. నాలుగు నిలువు గళ్లు, మూడు అడ్డం. ఇంకా ఖాళీ. ఉత్సాహం ఉంది. అది నామవాచకం, చెల్లుతుంది.

జూలై 8, మంగళవారం. మధ్యాహ్నం 1:20

కొత్త ప్యాడ్ మందం సుమారు పది మిల్లీమీటర్లు. మూడుకు వస్తే మార్చాలి. ఈ సంగతి మూడు చోట్ల చదివాను. తొలి వాస్తవం!

మనది ఎంత ఉంది? కొలవలేదు. కొలవాలంటే చక్రం విప్పాలి. విప్పాలంటే సోములు కావాలి. సోములు విప్పితే ఆ చేత్తోనే కొత్తవి వేసేస్తాడు. అందుకని కొలవలేదు.

2:05

బావమరిది రాంబాబుకు ఫోన్. విజయనగరంలో సొంత కారు కిరాయికి తిప్పుతాడు. మా కారు బేరం కుదిర్చింది కూడా అతనే.

"సెరామిక్ ఎయ్యి బావా. సూపర్‌గుంటాది."

పట్టికలో రాశాను. నిబంధన ప్రకారం "సూపర్‌గా" కొట్టేశాను. మిగిలిన సాక్ష్యం: "ఉంటాది."

జూలై 9, బుధవారం. ఉదయం 11:30

గోవిందరావు స్పేర్ పార్టుల కొట్టు. తాతల నాటి వ్యాపారం. ఆయన వెనుక గోడంతా అట్టపెట్టెలు.

చక్రాలు నాలుగు, చక్రానికి రెండు ప్యాడ్లు, కాబట్టి ఎనిమిది కావాలన్నాను. ఇంట్లోనే లెక్క వేసుకుని వెళ్లాను.

"మీ బండికి ఎనిమిదుండవు సార్. వెనక డ్రమ్ములు. వాటికి షూలుంటాయి, ప్యాడ్లుండవు. మొత్తం నాలుగే."

తొమ్మిదేళ్ల కారు, నాలుగేళ్ల యాజమాన్యం, ఇరవై ఆరేళ్ల వృత్తి. ఎన్ని ప్రమాదాలకు "బ్రేకులు ఫెయిలై" అని రాశానో లెక్క లేదు. బ్రేకు దేనితో పడుతుందో ఈ రోజు తెలిసింది.

"అయితే ముందువేనా?" అన్నాడు గోవిందరావు.

"ముందువే. మా సోములు కూడా అదే అన్నాడు."

"ముందువి నా దగ్గర నాలుగు కంపెనీలవి ఉన్నాయి. ఏది ఇమ్మంటారు?"

"నాలుగెలా ఉంటాయి? ముందున్నది ఒక్కటే కదా. అదేదో తెలుసుకుని వస్తాను."

గోవిందరావు కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. "పేపర్లో పని బాగా ఎక్కువైపోనట్టున్నాది సార్," అన్నాడు.

దర్యాప్తుకు దారి దొరికింది. ఇంతకు ముందు ఈ కారుకున్న ప్యాడ్లు ఏ కంపెనీవి? మెకానిక్ అవే వేయాలంటున్నాడంటే అవి బాగా పనిచేశాయని అర్థం. ప్రశ్న ఇప్పుడు స్పష్టంగా ఉంది.

సాయంత్రం 5:40

సోములుకు ఫోన్.

"ముందువే అన్నావు కదా సోములూ?"

"ముందువే బాబూ. నిన్ననే తెప్పించీసినాను. అట్టపెట్టి ఇక్కడే ఉన్నాది. మీదే ఆలస్యం."

"ముందువి ఏవో నీకెలా తెలుసు?"

"బండి సూస్తే తెలీదేటి బాబూ?"

అంచనా. అంచనాను వాస్తవంగా రాయకూడదని జూనియర్లకు చెబుతుంటాను. సోములు అట్టపెట్టె ప్రస్తుతానికి తిరస్కరించడమైనది.

జూలై 10, గురువారం. సాయంత్రం 6:30

పురోగతి లేదు. కారణాలు:
నాగావళిలో నీరు పెరిగింది. ఆ వార్త నాదే.
మధ్యాహ్నం కలెక్టరేట్‌లో సమావేశం. గంట అన్నారు, మూడు గంటలు.
వాన.
(మిల్లు జంక్షన్ మీదుగా రెండుసార్లు వెళ్లాను. ఇది కారణం కాదు. ఎదురు సాక్ష్యం కాబట్టి రాస్తున్నాను.)

అనూరాధ వచ్చి చెప్పులు విప్పుతూనే అంది. "చప్పుడు పెరిగిందండీ. ఊళ్లో జనం తిరిగి చూస్తున్నారు."

"పాటలు పెట్టుకో. వినపడదు."

ఆవిడ నా వైపు చూసింది. ఆ చూపును వర్ణించాలంటే విశేషణం కావాలి.

జూలై 11, శుక్రవారం. సాయంత్రం 6:00

అనూరాధతో రోజూ కారులో వెళ్లే ఈశ్వరి గారు, అదే బడిలో తెలుగు టీచరు, మా గుమ్మంలో ఆగారు.

"సోమవారం నుంచి నేను బస్సుకెల్తానండీ."

"ఎందుకండీ?"

"చప్పుడు మారిందండీ. మొన్నటి దాకా కీచుమనేది. ఇప్పుడు గరగరలాడతన్నాది. అనుకరణ ధ్వని మారితే అర్థం మారతాదండి."

డైరీలో నమోదు: కీచు పోయి గరగర వచ్చింది. తేదీ 11. కీచు తగ్గిందంటే ఒక రకంగా మెరుగే అనిపించింది. అనిపించడం వాస్తవం కాదు గనుక పట్టికలో వేయలేదు.

రేపు రెండో శనివారం, బడికి సెలవు. కారు ఖాళీ. విజయనగరం వెళ్లి కారు పాత యజమానిని నేరుగా అడుగుతాను. ఫోన్లో అడిగితే సరిపోదు. ఎదురుగా కూర్చుంటేనే మనిషి నిజం చెబుతాడు.

జూలై 12, శనివారం. ఉదయం 11:15, విజయనగరం

పాత యజమాని పృథ్వీరాజ్. మూడు లాంతర్ల దగ్గర బట్టల కొట్టు. తోడుగా రాంబాబు వచ్చాడు. నోట్‌బుక్ తెరిచాను.

"బండి అమ్మీసి నాలుగేళ్లయిపోనాది," అన్నాడు పృథ్వీరాజ్. "ఇప్పుడు ప్యాడ్ల కోసం సిక్కోలు నుంచి వచ్చినారా?"

"ముందు ఏ కంపెనీవి ఉండేవో తెలిస్తే చాలు."

"ముందూ తెలీదు, ఎనకా తెలీదు మాస్టారూ. నేను ఆ బండి బోనెట్టే ఎప్పుడూ ఎత్తలేదు. డ్రైవరుండేవోడు. కాఫీ తాగుతారా?"

కాఫీ తాగాం. ఆయన చీరలు కూడా చూపించాడు. అనూరాధకు ఒకటి తీసుకున్నాను. దర్యాప్తు ఫలితం: చీర ఒకటి.

సాయంత్రం 5:45, ఇల్లు

రానూ పోనూ 146 కిలోమీటర్లు. మీటరు చూసి రాశాను, కచ్చితం. విజయనగరం పొలిమేర దాకా రాంబాబు పక్కన కూర్చున్నాడు. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా కాళ్లు దగ్గరికి లాక్కున్నాడు.

"బావా, ఇది బ్రేకు కాదు, రంపం. తిన్నగా సోములు దగ్గరికే ఎల్లు. అక్క ఎక్కే బండి ఇది."

సరే అన్నాను. 5:35కి మిల్లు జంక్షన్. సోములు షెడ్డు ముందే నిలబడి చెయ్యి ఊపాడు. అట్టపెట్టె కూడా ఎత్తి చూపించాడు. నేనూ చెయ్యి ఊపి ఇంటికొచ్చేశాను. ఏడు రోజుల దర్యాప్తు ఆరో రోజున, ఒక అట్టపెట్టెకు లొంగిపోవడం బాగుండదనిపించింది.

జూలై 13, ఆదివారం. సాయంత్రం 5:00

గడువు. పట్టిక పరిస్థితి: పన్నెండు గళ్లలో నిండినవి ఒకటి. అందులో ఉన్నది "ఉంటాది."

ఈ రోజు సోములు దగ్గరికి వెళ్లేవాణ్ణే. కానీ ఆదివారం. గుడి నుంచి మిల్లు జంక్షన్ దాకా జనం, ఆటోలు, కొబ్బరికాయల బళ్లు. కారు కదిలే దారి లేదు. ఇది వాస్తవం. నడిచి వెళితే పది నిమిషాలు, సోములు తనే ఇంటికొచ్చి వేస్తాడు. ఇదీ వాస్తవమే.

అద్భుతమైన ముగింపు దగ్గర్లోనే ఉంది. ("అద్భుతమైన" కొట్టేశాను. "ముగింపు" కూడా కొట్టేయాల్సి వచ్చింది.)

గడువు బుధవారం దాకా పొడిగించమని అడిగాను.

"కుదరదండీ," అంది అనూరాధ. "రేపు బడి నుంచి వస్తూ సోములు దగ్గర ఆపుతాను. పొద్దున్న యూనిట్ టెస్టు పేపర్ల కట్టలున్నాయి కాబట్టి కారులోనే వెళ్లాలి. లేకపోతే బస్సెక్కేదాన్ని."

"నెమ్మదిగా వెళ్లు."

"అది విశేషణం కాదేటి?"

"క్రియా విశేషణం. నిబంధనలో లేదు."

ఆవిడ నవ్వలేదు.

జూలై 14, సోమవారం. మధ్యాహ్నం 2:00

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

8:52కి ఫోన్. అనూరాధ నంబరు. మాట్లాడింది ఈశ్వరి గారు. వానకు బస్సు రాలేదని కారెక్కారట.

"ఎవరికీ ఏమీ కాలేదండీ. ముందది వినండి," అన్నారు.

విన్నాను. బండి తాళం రెండుసార్లు కింద పడింది. 9:20కి అక్కడున్నాను.

కళింగపట్నం రోడ్డు. మలుపు, పక్కన కాలువ. రోడ్డు తడి. కారు మలుపు దాటి రోడ్డు దిగి, కాలువ గట్టుకు మూతి ఆనించి ఆగింది. ముందు చక్రం కింద చేపల బుట్ట. రోడ్డంతా చేపలు. అనూరాధ కల్వర్టు మీద కూర్చుని ఉంది. పేపర్ల కట్టలు ఒళ్లో పెట్టుకుంది. తడవకుండా కొంగు కప్పింది.

బ్రేకు తొక్కితే ఆగలేదు. హ్యాండ్ బ్రేకు లాగింది. కారు జారి బుట్ట మీదికెక్కి ఆగింది. ఆవిడ చెప్పింది ఇంతే. మొదటి సాక్షి.

ఈశ్వరి గారు కూడా అదే చెప్పారు. రెండో సాక్షి.

మూడో మనిషి ఆ బుట్ట తాలూకు బుల్లమ్మ. అరవై దాటి ఉంటుంది. రోజూ ఆ మలుపులో కూర్చుని చేపలమ్ముతుంది.

"బండి నీదేనేటి?"

"నాదే అమ్మా."

"వారం బట్టి ఇంటన్నాను దీని కూత. పోయిన సోమారం కీసుమన్నాది. గురువారానికి పెద్దదైపోనాది. సుక్కురారం నుంచి గరగర. అదొస్తందంటే సాలు, బుట్టట్టుకుని గట్టెక్కీడవే నా పని. ఇయాల వాన. బుట్ట బరువు. వదిలీసి నేనొక్కద్దాన్నే ఎక్కినాను."

డైరీ నా సంచిలోనే ఉంది. తీసి చూశాను. సోమవారం కీచు. గురువారం చప్పుడు పెరిగింది. శుక్రవారం గరగర. తేదీలన్నీ కలిశాయి. ఆమె దగ్గర నోట్‌బుక్ లేదు. విన్నది విని గట్టెక్కింది. నేను విన్నది రాసుకుని పాటలు పెట్టుకోమన్నాను.

ముగ్గురు సాక్షులు. ఒకటే వాస్తవం. వారం తర్వాత నిబంధన మూడు ఇలా నెరవేరింది.

నేను పేజీలు తిప్పుతుంటే కల్వర్టు మీద నుంచి అనూరాధ అడిగింది. "రాసుకున్నారా?"

చెయ్యి చాపాను. కట్టలు నా చేతికివ్వలేదు.

"ఆ పుస్తకం తరవాత సూసుకుందువు గాని," అంది బుల్లమ్మ. "ముందు సేపలేరు."

ఏరాను. ప్యాంటు మోకాళ్ల దాకా బురద. ఈశ్వరి గారు గొడుగు పట్టారు, నాకు కాదు, చేపలకు.

2:40, కొనసాగింపు

ఫోన్ చేయగానే సోములు మోపెడ్ మీద వచ్చేశాడు. వెనక జాకీ, ఒళ్లో అట్టపెట్టె. బుధవారం నుంచి నేను తిరస్కరించిన అట్టపెట్టె అదే.

"ముందువేనా?" అని అడిగాను. అలవాటు.

సోములు రెంచీ పెట్టి ముందు చక్రాన్ని తట్టాడు. "ఈ ముందు సక్రాలివి బాబూ. ఎనక్కి ప్యాడ్లే ఉండవు గదా. మరింకే ముందనుకున్నారు?"

చెప్పాను. ముందు, అంటే ఇదివరకటివి. ఇదివరకటి కంపెనీ.

సోములు రెంచీ కింద పెట్టి గట్టు మీద కూర్చున్నాడు. "అందుకా గోవిందరావు గారు ఫోన్ సేసి, మీ సార్‌కి ఒంట్లో బాగానే ఉన్నాదా అని అడిగినారు?"

"సందర్భాన్ని బట్టి అర్థం మారే పదమండీ," అన్నారు ఈశ్వరి గారు. "ఎనిమిదో తరగతిలో చెబుతాం."

సోములు చక్రం విప్పి పాత ప్యాడ్ నా చేతిలో పెట్టాడు. పదీ లేదు, మూడూ లేదు. ఇనుప పలక మాత్రం ఉంది. అంచున సన్నటి రేకు ఒకటి వంగి ఉంది.

"ఇది సూడండి బాబూ. ప్యాడ్డు అరిగినాక ఈ రేకు డిస్కుకి తగిలి కూత కూస్తాది. కూత కుయ్యడానికే పెట్టినారు. ఇంకేం పని లేదు దానికి. పేపర్లో మీరు బ్రేకులు ఫెయిలైపోనాయని రాస్తారే, అయి ఒక్కరోజులో ఫెయిలవ్వవు. ఇదిగో ఇలాగ అరిసి అరిసి ఊరుకుంటాయి."

"శనివారం దాకా ఎంతో కొంత ఉండే ఉంటుంది కదా?"

"శనారం ఎక్కడికెళ్లినారేటి?"

"విజయనగరం."

"ఎందుకూ?"

"ప్యాడ్ల గురించి అడగడానికి."

సోములు అనూరాధ వైపు తిరిగాడు. "అమ్మా, ఉన్న రవ్వంతా ఇజీనారం రోడ్డుకే రాసీసినారమ్మా."

అప్పుడు నవ్వింది. కొంచెమే. నేను కూడా నవ్వబోయాను. ఆవిడ ఆపేసింది.

నలభై నిమిషాల్లో పని అయిపోయింది. కారును తోసి రోడ్డెక్కించాం. చేపలన్నీ మేమే తీసుకున్నాం. పగిలిన బుట్ట బదులు బుల్లమ్మ సోములు అట్టపెట్టె పట్టుకుంది. మిగిలిన మంచు ముక్కలు అందులో వేసుకుని వెళ్లిపోయింది.

ఆమె మలుపు దాటాక గుర్తొచ్చింది. కంపెనీ పేరు ఆ పెట్టె మీదే ఉంది.

"ఏ కంపెనీ సోములూ?"

"సూడలేదు బాబూ. కొలత సూసినాను."

అనూరాధ కారు స్టార్ట్ చేసింది. పది గజాలు పోనిచ్చి బ్రేకు తొక్కింది. ఆగింది. మళ్లీ పోనిచ్చింది, తొక్కింది, ఆగింది. చప్పుడు లేదు. మూడోసారి ఆపి అద్దంలోంచి నన్ను చూసింది. మోటార్ సైకిల్ మీద ఆ కారు వెనకే బడి గేటు దాకా వెళ్లాను. ముందుకెళ్లలేదు.

సాయంత్రం 6:15

ఆఫీసులో నా పాత వార్తలు తీశాను. గత అయిదేళ్లలో "బ్రేకులు ఫెయిలై" అని నేను రాసినవి 31. అంతకు ముందు ఎన్నాళ్లుగా చప్పుడొచ్చిందో అడిగినవి: సున్నా.

జూలై 15, మంగళవారం. ఉదయం 6:10

నిన్న కారు కింద దూరినప్పుడు సోములు ఇంకో మాట అన్నాడట. "వెనక షూలు కూడా పలచబడినాయి. దసరా దాకా లాగుతాయి గానీ మార్సీడమే మంచిది." అనూరాధ రాత్రి అన్నం పెడుతూ చెప్పింది. చేపల కూరలో ముళ్లు ఏరుకుంటూ విన్నాను.

దసరా దాకా అంటే రెండున్నర నెలలు. ఈసారి సమయం ఉంది. పొరపాటు ఎక్కడ జరిగిందో కూడా తెలుసు. పట్టిక కొత్తగా గీశాను.

తీర్మానం:
1. వెనక బ్రేక్ షూలు. ఏడు రోజులు. వాస్తవాలే.
2. చప్పుడు కూడా సాక్షే. మొదటి సాక్షి.
3. దర్యాప్తు ముగిసేదాకా కారు ఇల్లు కదలదు.

అనూరాధ మూడో నిబంధన చదివింది. "అయితే నా రిటైర్మెంటు దాకా బస్సేనన్నమాట," అంది. తాళాలు కొంగున ముడేసుకుంది. "సాయంత్రం సోములు దగ్గర ఆగుతాను. మీరు రావద్దు."

7:40

అయినా ఒక జాగ్రత్త తీసుకున్నాను. సోములుకు ఫోన్ చేసి ఈసారి ముందే అడిగాను. వెనకవి అంటే వెనక చక్రాలవా, వెనకటివా?

ఫోన్ టక్కున పెట్టేశాడు. ఆ చప్పుడు మొదటి సాక్షి. మిగతా ఇద్దరు సాక్షులను వెతకాలి.